బస్తా అడుగు

పొద్దున పదకొండింటికి వచ్చింది పిల్ల,
మెడల కార్డు, చేతుల ట్యాబు.
ఎనుమాముల మార్కెట్ల, షెడ్డు నీడకు కూసొని
నేను దబ్బనంతోని మిర్చి బస్తాల మూతులు కుడుతున్న.

"మొగిలన్నా, మీ కాలు గురించి
కొన్ని ప్రశ్నలు అడగాలె" అన్నది.
పేరు అఫ్రీన్. ఉండేది మట్టెవాడ.
ఏ కాలు బిడ్డా, అన్న.
దేవుడిచ్చిందా, క్యాంపోళ్లు ఇచ్చిందా?
నవ్వాల్నో వద్దో తెల్వక ట్యాబు దిక్కు చూసింది.

ఒకటంటే అస్సలు బాగలేదట,
అయిదంటే మస్తుగున్నదట.
కాలు ఇచ్చినోళ్లు మర్యాదగ మాట్లాడిన్రా?
అయిదు రాయి. శాలువ గూడ కప్పిన్రు.
ఎంత దూరం పోవాల్సి వచ్చింది?
రెండు బస్సులు, ఒక ఆటో,
ఆటో కాడికి నన్ను మోసిన మా బామ్మర్ది ఓదెలు నడుము.
నడుముకు అండ్ల గడి లేదు.

కాలు పోకముందు పందొమ్మిదేండ్లు హమాలిని నేను.
సరుకు చూసుడంటే ఏందో నాకెరుకే.
ఖరీదుదారు వస్తడు,
పైన మెరిసే కాయను నమ్మడు.
మోచేయి దాక చేయి దింపుతడు బస్తాల,
అడుగు నుంచి గుప్పెడు తీస్తడు,
ఒక కాయ ఊపి గింజ మోగుతదా వింటడు,
తాలెంత, తేమెంత,
రాత్రి నీళ్లు చల్లి తెచ్చిండా రైతు,
అన్నీ ఆ గుప్పిట్లనే.
అప్పుడు గని రేటు పలకడు.
ఆ రేటు అన్యాయమే ఉంటది, అది వేరే ముచ్చట.
చేయి మాత్రం అడుగు దాక పోతది.

"ఇచ్చిన కాలు మీకు సరిపోయిందా?"
ఇచ్చిన నాడు సరిపోయింది.
ఆ నాడు మొండి వాచి ఉండె.
దసరా నాటికి వాపు దిగింది,
రోట్ల రోకలి తీరు లోపల ఆడుడు పెట్టింది.
ఒక మేజోడు ఏసిన, రెండేసిన, మూడేసిన.
ఆఖరికి నా బిడ్డ బడి లంగ చింపి చుట్టిన.
"మళ్లా కొలత తీసుకున్నరా?"
గల్ల అంగీ కుట్టే దర్జీ గూడ
ఒకసారి ఏసుకొని చూపెట్టమంటడు గద.
ఫోన్ చేస్తే, క్యాంపు అయిపోయింది అన్నరు.
క్యాంపుకు అయిపోవుడు ఉంటది. మొండికి ఉండదు.

"అయితే ఎంత రాయమంటరు? రెండా, మూడా?"

దబ్బనం యాడనో గుచ్చి,
పట్టీలు విప్పి, కాలు ఊడదీసి
ఆమె ముంగట నిలవెట్టిన.
చేయి పెట్టు, అన్న.
అడుగు దాక.

జరసేపు నన్నే చూసింది.
గాజులు పైకి జరుపుకొని
సాకెట్లకు మెల్లగ చేయి దింపింది.
ఏం తగిలిందో నేను చూడకుంటనే చెప్త:
చెమటకు అట్టగట్టిన నీలం గుడ్డ,
పగిలిన అంచుకు నేనే కాల్చి అతికిన పైపు ముక్క,
దాని కింద, ఎన్నిసార్లు దులిపినా పోని
ఎర్ర దుమ్ము.

చేయి బయటికి తీసి, అలవాటున
కంటి మీద పడ్డ వెంట్రుకను తోసుకున్నది.

అయ్యో బిడ్డా!
ట్యాబు బస్తాల నడుమ పడ్డది.
నేను ఒంటికాలు మీద గెంతుకుంట బిందె కాడికి.
నీళ్లొద్దు పాలు పోయాలె అని ఒకడు, నవ్వేటోడు ఒకడు,
రాజవ్వ కొంగు తడిపి మొఖం తుడిచింది.
మిర్చి ఏడుపే అది. ఎక్కువ లెక్క కట్టద్దు.

"రోజూ ఇట్లనే మండుతదా అన్నా?"
పుండైన నాడు మండుతది, అన్న.
మిగిలిన దినాలు అలవాటే.
అలవాటుకు ఎన్ని మార్కులో అడుగుదామనుకొని
ఊకున్న.

సంచిల నుంచి టేపు తీసింది,
కుట్టుమిషన్ టేపు, తల్లిదట.
మొండి చుట్టు రెండు తావుల కొలిచింది.
ట్యాబుల ఆ అంకెలకు జాగ లేదు.
బస్తాల మీద పేర్లు రాసే నల్లరంగు పెన్ను అడిగి
ఎడమ అరచేతిల రాసుకున్నది.
ఇంక పదకొండు ప్రశ్నలున్నయట, రేపొస్తనన్నది.

ఆటోల పోతుంటే చూసిన,
మంట చేయిని బయటికి చాపి పెట్టుకున్నది.
నేను కాలు తొడుక్కొని కూసున్న.
ఇంక నలభై బస్తాలున్నయి.
దబ్బనం ఏ బస్తాకు గుచ్చిన్నో
యాదికి రాలె.